మడ విత్తనానికి మెడ నిలిచేదాకా

ఒకప్పుడు మడ చెట్టు విత్తనాలు చింతగింజల్లా చిన్నగా ఉండేవి. పండగానే టపటపా రాలిపోయేవి.

ఏరు సముద్రంలో కలిసేచోట, ఉప్పునీటి బురదలో ఒక మడ చెట్టు ఉండేది. ఏటా బోలెడన్ని గింజలు రాల్చేది. ఒక్కటీ మొలిచేది కాదు. ఎటు చూసినా బురదే గాని, తన పిల్లన్నది లేదు.

"నా పిల్లల్ని ఏం చేస్తున్నావు మావయ్యా?" అని ఒకరోజు సముద్రాన్ని నిలదీసింది.

సముద్రం పాపం చిన్నబుచ్చుకుంది. "నేనేం చెయ్యనే తల్లీ? జాగ్రత్తగానే ఎత్తుకెళ్ళి ఒడ్డున దింపుతున్నాను. వేరు వేసేలోపే మళ్ళీ పోటు వస్తుంది. దొర్లిపోయి ఉప్పుకి కుళ్ళిపోతున్నారు. నాకు మాత్రం బాధగా ఉండదూ?"

ఆ చెట్టు పక్కనే గట్టు మీద చేపలమ్ముకునే లోవమ్మ గుడిసె. నోరు పెద్దది గాని మనసు వెన్న. ఆ ఏడు ఆమె కూతురు పురిటికి వచ్చి ఆడపిల్లని కన్నది. రెండో నెల రాగానే అల్లుడు ఆగలేక పడవేసుకుని వచ్చేశాడు.

"పిల్లకింకా మెడే నిలబల్లేదు బాబూ. పడవ ఊగిందంటే ఆ తల ఎటు వాలిపోద్దో. ఐదో నెల్లో రండి, నేనే పడవెక్కిత్తాను," అంది లోవమ్మ. అల్లుడు బుర్ర గోక్కుని వెళ్ళిపోయాడు.

మడ చెట్టుకి తన తప్పు తెలిసొచ్చింది. మెడ నిలవని పిల్లల్ని తను సముద్రం మీదికి పంపేస్తోంది.

ఈసారి గింజలు పండినా వదల్లేదు. కొమ్మకి పట్టుకుని తన రసమే తాగించింది. "ఇంకా చంకనేసుకునే ఉన్నావా?" అని గాలి ఆటపట్టించింది. సముద్రం రోజూ వచ్చి, "పంపుతావా?" అని అడిగేది.

"ఇంకా మెడ నిలవలేదు మావయ్యా," అనేది చెట్టు.

గింజలోంచి పచ్చని మొలక వచ్చింది. మునక్కాడలా పొడుగ్గా సాగింది.

ఐదో నెలలో లోవమ్మ మోకాల్లోతు నీళ్ళలో దిగి, మనవరాల్ని పడవలో కూతురి ఒళ్ళో పెట్టింది. పడవ కనుమరుగయ్యేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. మడ చెట్టుకీ దుఃఖం వచ్చింది. అయినా గుండె దిటవు చేసుకుని కొమ్మ సడలించింది.

మొలకపిల్ల నీళ్ళలో పడింది. సముద్రం తేలుస్తూ తీసుకెళ్ళి ఒక బురదగట్టున దింపింది. వేరుకొన బురదలో దిగింది. మళ్ళీ పోటు వచ్చింది. పిల్ల ఊగింది గాని పడలేదు.

సముద్రం పరుగున వచ్చింది. "నిలబడిందే తల్లీ, నీ పిల్ల," అంది.

అప్పటినుంచే మడ విత్తనాలు తల్లి కొమ్మన ఉండగానే మొలకెత్తుతాయి, మెడ నిలిచాకే నీళ్ళలో దిగుతాయి. సముద్రం ఇప్పటికీ రోజూ మడ చెట్ల కాళ్ళదాకా వచ్చి, ఎవరి పిల్లయినా సిద్ధమయిందేమో అడిగి వెళ్తుంది.