ఖాళీ అయిన తేనెపెట్టెలు

"జోగులు మావా! ఓ జోగులు మావా! బయటికి రా, నీ మొహం సూద్దాం!"

వేసవి పొద్దు ఇంకా వేడెక్కలేదు. బంగారమ్మ అరుపుకి ఇప్పగరువు కొండ కూడా ఆ పేరే తిరిగి పలికింది. ఆమె వెనక ఊరి ఆడవాళ్లంతా నిలబడి ఉన్నారు. వాళ్లంతా కలిసి బిడ్డల్లా సాకిన తేనెటీగలు నిన్న మధ్యాహ్నం నల్లటి మేఘంలా లేచి కొండ దాటిపోయాయి. పెట్టెల్లో ఒట్టి మైనం మిగిలింది. ఈ ఏటి తేనె మీద పెట్టుకున్న ఆశలన్నీ వాటితోనే ఎగిరిపోయాయి.

జోగులు మట్టి చేతులతో బయటికొచ్చాడు. ఒకప్పుడు పొగబెట్టి కొండతేనె దింపిన ముసలివాడు.

"పొగెట్టి తరిమీసినావు కదా? మా తేనె వస్తే నీ కొండతేనె ఎవులు కొంటారని!"

"నానా? మోకాళ్లరిగి కొండెక్కడం ఎప్పుడో మానీసినాను, నీకు తెల్దేటి? అయినా పొగెడితే ఊరంతా వాసన రాదేటమ్మా?"

"నోరు బానే లేస్తంది!"

ఒంటరి ముసలివాడి గుమ్మం ముందు గుంపుగా అరవడానికి ధైర్యం ఏపాటి కావాలి? బంగారమ్మ అంతటితో ఆగలేదు. ఊరందరూ కలిసి కొండ మీది ఊట నుంచి గొట్టాలతో నీళ్లు తెచ్చుకుని వంతుల వారీగా పారించుకుంటున్నారు. ఆమె విసవిసా నడిచి, జోగులు మడికి పోయే వాల్వు తిప్పి మూసేసింది. ఆ ఎండలకు నీళ్లందకపోతే మిరపనారు సాయంత్రానికే మాడిపోతుంది. ముసలివాడు నారు వంక చూస్తూ నిలబడ్డాడంతే. ఆ చూపు చూసి కూడా ఎవ్వరి గుండె కరగలేదు.

అప్పటికి లోకనాథం గురువు అక్కడికి చేరుకున్నాడు. ఆ ఊరికి ఈగలను పెంచడమూ, ఊటను కాపాడుకోవడమూ నేర్పింది ఆయనే. బంగారమ్మ ఆయన మొదటి శిష్యురాలు.

"గురువుగారూ, దొంగ మీద కోపం పాపమా? మీరే సెప్పండి!"

ప్రశ్నకు వెంటనే బదులివ్వడం ఆయనకు అలవాటు లేదు. పెట్టెల పక్కన ఈగల కోసం ఉంచిన రాతితొట్టి దగ్గరకు నడిచాడు. అందరూ వెనకే వెళ్లారు. వాగు ఎండిపోయాక ఈగల దాహానికి ఆ తొట్టే దిక్కు. ఎప్పుడూ ఆకుపచ్చని పాచితో మెత్తగా ఉండే తొట్టి ఇప్పుడు వెన్నెల ముక్కలా తెల్లగా మెరుస్తోంది. అంచుదాకా తేట నీళ్లు. ఆ నీళ్ల మీద రాలిన పూరేకుల్లా తేలుతున్న ఈగల శవాలు.

గురువు పిడికెడు ఎండుగడ్డి తెచ్చి నీళ్ల మీద పరిచి, పక్కనే కూర్చున్నాడు. చాలాసేపటికి ఎక్కడినుంచో దారితప్పిన ఈగ ఒకటి వచ్చి, పరక మీద వాలి, తాగి, ఎగిరిపోయింది.

"వీటికి ఈత రాదమ్మా. పాచి ఉంటే దాన్ని పట్టుకుని తాగేవి. నున్నటి రాయి మీద కాలు జారితే ఇంక పైకి రాలేవు. చావగా మిగిలినవి దాహంతో లేచిపోయాయి."

గుంపులో ఎవరో గొణిగారు: "మరి పాచి గీకిందెవులు?"

గురువు ఆ మాట పట్టించుకోలేదు. బంగారమ్మ వైపు తిరిగాడు. ఆయన గొంతు అంత కరుకుగా ఉండగా ఎవరూ వినలేదు.

"కోపం కూడా ఎక్కడో ఒకచోట కాలు ఆనించాలి. నీది ఈ ముసలివాడి నెత్తిన ఆనింది. ఎందుకో నీకు తెలుసు."

బంగారమ్మ వెళ్లి వాల్వు తిప్పింది. నీళ్లు బుడబుడమంటూ మిరపమడిలోకి పరిగెత్తాయి. ఆమె జోగులు ఎదుటికొచ్చి, అందరికీ వినపడేలా అంది:

"పట్నం నుంచి పెద్దోలు పెట్టెలు సూడ్డానికొస్తన్నారని తొట్టిని కొబ్బరిపీసెట్టి నానే గీకినాను మావా. ఈగలు మునిగిపోతంటే కళ్లారా సూసినాను కూడా. సూసే నీ పేరెత్తినాను."