పావురం మెడా, సున్నపు ఆకాశమూ

ఒకప్పుడు పావురాలు మెడ కదపకుండా నడిచేవి. నెత్తిన కడవ పెట్టుకున్నట్టు నిటారుగా, హుందాగా. వాటిలో బూడిదమ్మ అనే పావురానికైతే కళ్ళు నెత్తికెక్కాయి. "నా కంటిని మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదు" అనేది.

సముద్రాల అవతల ఒక ఊళ్ళో, పెద్ద చర్చి చూరులో దాని కాపురం. ఒకరోజు, అప్పుడే రెక్కలొచ్చిన దాని రెండు పిల్లల వెంట డేగ పడింది. బూడిదమ్మ పిల్లల్ని తోలుకుని చర్చిలోకి దూరింది. డేగ గుమ్మం ముందే కూర్చుంది.

"ఎంతసేపని దాక్కుంటారు? ఇటే రావాలిగా" అంది.

బూడిదమ్మ చర్చి నడిమధ్య, నేలలో పరిచిన నల్లరాయి మీద నిలబడి పైకి చూసింది. కప్పే లేదు. పాలరాతి స్తంభాలు, వాటి పైన నీలాకాశం, మబ్బుల మీద దేవదూతలు.

"అదిగో దారి. ముందు నేను, వెనక మీరు" అని రివ్వున లేచింది.

ఠప్పుమని ఆకాశం తగిలింది. ముక్కునిండా తడి సున్నం. పరంజా ఎక్కి చర్చి కప్పు మీద బొమ్మలు వేస్తున్న ముసలి పియెత్రో ఒళ్ళో వచ్చి పడింది.

కింద పిల్లలు రెక్కలు విప్పుతున్నాయి. బూడిదమ్మ పరంజా అంచుకి గెంతింది. "ఆగండర్రా, ఇది ఆకాశం కాదు" అని అరిచింది. పిల్లలు ఆగాయి.

పియెత్రోకి కోపం రాలేదు, పైగా మురిసిపోయాడు. "పక్షినే నమ్మించానంటే నా చెయ్యి ఇంకా గట్టిదే. సిగ్గుపడకు తల్లీ. ఆ నల్లరాయి మీద నిలబడి చూసేవాళ్ళ కోసమే వేశానిది. రెండడుగులు పక్కకి జరిగితే స్తంభాలన్నీ తాగినవాళ్ళలా ఒరిగిపోతాయి."

"మరి నిజం ఆకాశాన్ని గుర్తుపట్టేదెట్లాగయ్యా?"

"ఉన్నచోటే ఉంటే తెలీదు. కాస్త కదిలి చూడాలి."

గోడ పైన ఆరు కిటికీలున్నాయి. ఐదు బొమ్మలు, ఒకటే నిజంగా తెరిచి ఉన్న కిటికీ. ఆరింటిలోనూ ఒక అంజూర కొమ్మ, వెనక మబ్బు. బూడిదమ్మ ఒక్కోదాని ముందు పక్కవాటుగా వాలి, ఒంటికంటితో చూస్తూ మెడ ముందుకు చాచింది, వెనక్కి లాగింది. ఐదింటిలో కొమ్మ మబ్బుకి అంటుకుపోయినట్టే ఉంది. ఆరోదానిలో కొమ్మ పక్కకి జరిగింది, మబ్బు జరగలేదు.

"రండర్రా, ఇదే దారి" అంది. ఈసారి దాని గొంతులో పొగరు లేదు, ధీమా ఉంది. మూడూ తుర్రుమన్నాయి. డేగ మాత్రం గుమ్మం ముందు చాలాసేపు కూర్చుంది.

అప్పటినుంచే పావురం అడుగడుక్కీ మెడ ముందుకూ వెనక్కీ ఆడిస్తూ నడుస్తుంది. గింజనైనా సరే, కదిలి చూశాకే నమ్ముతుంది.