ఓబులమ్మ పోగొట్టిన ఆరు వందలు

పీరాన్ సాహెబు బాబా ఓబులమ్మను మళ్లీ తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. అది చూసి షమీమ్‌కు ఒళ్లు మండిపోయింది.

నా అన్నవాళ్లు లేని పిల్లలను బాబా దర్గా పక్కనున్న తన ఇంట్లో పెట్టుకుని పెంచేవాడు. పద్దెనిమిది నిండితే ఎవరి బతుకు వాళ్లు బతకాలి. అందుకని పెద్ద పిల్లలకు ప్రతి శుక్రవారం తలా రెండు వందలు చేతిలో పెట్టేవాడు. సబ్బు, నూనె, చెప్పులు, బస్సు చార్జీ, అన్నీ అందులోనే. మధ్యలో అయిపోతే మళ్లీ శుక్రవారం దాకా అడగకూడదు.

రెండేళ్లలో షమీమ్ ఒక్క రూపాయి పోగొట్టలేదు. తెగిన చెప్పుకు పిన్నీసు గుచ్చుకుని నడిచింది గానీ కొత్తవి కొనలేదు. డబ్బాలో తొమ్మిది వేలు కూడబెట్టింది. తెచ్చి చూపిస్తే బాబా "బాగుంది బేటీ" అనేవాడు. అంతే, ఇంకో పిల్ల వైపు తిరిగేవాడు.

ఓబులమ్మ వచ్చి మూడు వారాలే. పదిహేనేళ్ల పిల్ల. మొదటి వారం ధర అడక్కుండా ఆటో ఎక్కింది, దిగేసరికి వాడు రెండు వందలూ గుంజుకున్నాడు. రెండో వారం ఎవడికో లక్కీ డ్రా కట్టింది, చీటీ లేదు, వాడూ లేడు. మూడో వారం పాత ఫోనుకు ముందస్తు బయానాగా రెండు వందలు ఇచ్చి, తర్వాత వద్దనుకుంటే షాపువాడు తిరిగి ఇవ్వలేదు.

బాబా కోప్పడడు సరికదా, "వాడేమన్నాడు? నువ్వేమన్నావు? ఇంకేం అడిగి ఉండాల్సింది?" అని చాయ్ చల్లారిపోయేదాకా ముచ్చట్లు. ఈసారి షమీమ్ పట్టలేకపోయింది.

"చిల్లుకుండకు నీళ్లు పోస్తున్నారు బాబా. నేనేం పోగొట్టలేదే! నా పక్కన ఒక్కనాడన్నా ఇట్లా కూర్చున్నారా?"

బాబా ఆమె ముఖంలోకి చూశాడు. "రేపు అద్దె గది మాట్లాడుకోవడానికి పోతున్నావు కదా బేటీ. ఓబులమ్మను తోడు తీసుకుపో."

షమీమ్‌కు ఏడుపొచ్చింది. ఇంకో నెలలో ఆమెకు పద్దెనిమిది. టౌనులో కుట్టు షాపులో పని దొరికింది, గది దొరికితే నిలబడ్డట్టే. ఆ పనికి తోడు ఈ దుబారా పిల్లా?

మర్నాడు ఇంటాయన గది చూపించి, "అడ్వాన్సు ఎనిమిది వేలు" అన్నాడు. షమీమ్ మారుమాట లేకుండా డబ్బులు తీసి చెయ్యి ముందుకు చాపింది. ఎవరితోనూ బేరమాడే అలవాటు ఆమెకు లేదు.

ఓబులమ్మ గబుక్కున ఆ చెయ్యి పట్టుకుంది.

"ఉండక్కా. అన్నా, అద్దె కాక ఇంకేమన్నా కట్టాల్నా?"

"నీళ్లకు, కరెంటుకు వేరే," అని గొణిగాడు ఇంటాయన.

"ఎంతో చెప్పు. ఖాళీ చేసిననాడు అడ్వాన్సు తిరిగిస్తావా?"

"చూద్దాంలేమ్మా."

"చూద్దామంటే కుదర్దన్నా. నీళ్లకు, కరెంటుకు ఎంతో, అడ్వాన్సు తిరిగిస్తానని కాగితం మీద రాసి సంతకం పెట్టు."

ఇంటాయన చివరికి రాసిచ్చాడు. అప్పుడు షమీమ్ డబ్బు ఇచ్చింది.

దారిలో షమీమ్ అడిగింది. "ఇవన్నీ బాబా చెప్పినాడా నీకు?"

"ఏమీ చెప్పలేదక్కా. పోయిన డబ్బు గురించి అడుగుతా కూర్చున్నాడు, అంతే."

ఎనిమిది వేలు భద్రమే. షమీమ్ కడుపుమంట మాత్రం ఇంకా ఎక్కువైంది. ఇంటికి రాగానే తిన్నగా బాబా ముందుకెళ్లి నిలబడింది.

"ఆ ప్రశ్నలు నన్నెందుకు అడగలేదు బాబా?"

"దెబ్బే తగలకపోతే నొప్పి ఎక్కడని అడగను బేటీ?"

షమీమ్ తల దించుకుంది. బాబా, "ఇంకా నెల ఉంది," అన్నాడు. "నా ఇంట్లో ఉండగానే కొంచెం పోగొట్టుకుని రా. కూర్చుందాం."