రెండు గుమ్మాల ఇంటి ధర

పటంలో వెతికితే దొరకదు గానీ, ఒకానొక రాజ్యాన్ని కీర్తిధ్వజుడనే మహారాజు ఏలుతుండేవాడు. మనిషి మంచివాడే. కాకపోతే ఏ వస్తువునైనా ఒక్క చూపు చూసి దాని ధర చెప్పేయగలనని ఆయనకు గట్టి నమ్మకం. గుర్రానికి చెప్పేవాడు, గుమ్మడికాయకు చెప్పేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు "కాసు తేడా లేదు ప్రభూ" అంటుండేవారు. జీతాలిచ్చేది ఆయనే కదా, మరేమంటారు.

ఆ రాజ్యంలో ఆయన తండ్రిగారు పెట్టిన మంచి ఏర్పాటు ఒకటుంది. దాన్ని రాజపాలు అనేవారు. సొంత ఇల్లు కొనుక్కోవాలని ఉండి సొమ్ము చాలని సంసారులకు ఇంటి ధరలో నాలుగో వంతు ఖజానా ఇచ్చేది. వడ్డీ లేదు. బదులుగా ఆ ఇంట్లో నాలుగో పాలు రాజుగారిది. గడువులోగా ఆ పాలు విడిపించుకోవాలి. అయితే ఆనాడు పుచ్చుకున్న సొమ్ము తిరిగి ఇస్తే చాలదు. తీర్చే రోజున ఇల్లు ఎంత ధర చేస్తుందో, అందులో నాలుగో వంతు కట్టాలి. ధర పెరిగితే ఖజానాకు లాభం, తగ్గితే నష్టంలోనూ ఖజానాకు పాలుంటుంది. న్యాయమైన ఏర్పాటే.

పెద్ద మహారాజు కాలంలో ధర కట్టడానికి ఊరి పెద్దలు ముగ్గురు వచ్చేవారు. ఇంట్లోకి వచ్చి, దూలాలు తట్టి, గోడలు చూసి, చుట్టుపక్కల ఇళ్ళు ఎంతకు అమ్ముడయ్యాయో కనుక్కుని మరీ ధర చెప్పేవారు. కీర్తిధ్వజుడు గద్దెనెక్కగానే వాళ్ళను ఇంటికి పంపేశాడు.

"మా కన్నుండగా ముగ్గురు ముసలివాళ్ళెందుకు?" అన్నాడు.

అప్పట్నుంచీ ఆ పని తనే పెట్టుకున్నాడు. పల్లకిలో వచ్చి, వీధిలోనే ఆగి, తెర తొలగించి, ఒక చూపు చూసి ధర చెప్పేవాడు. వెంట వచ్చిన తప్పెటవాడు ఆ ధరను ఆ గుమ్మం ముందే చాటింపు వేసేవాడు. చాటింపు పడ్డ మాటను వెనక్కి తీసుకోవడమనేది ఆ వంశంలో లేదు.

ఆ ఊళ్ళో వర్తకుల వీధిలో నాంచారమ్మ, కోనయ్య అనే దంపతులు బట్టలకు నీలిరంగు అద్దుకుంటూ బతికేవారు. వాళ్ళ ఇల్లు రాజపాలు సొమ్ముతో కొన్నదే. కొన్నప్పుడు నాలుగు గోడలు తప్ప ఏమీ లేవు. ఏళ్ళ తరబడి రెక్కలు ముక్కలు చేసుకుని బావి తవ్వించుకున్నారు, కొబ్బరిచెట్టు పెంచుకున్నారు, పెరటివైపు నేలలో నీలితొట్లు పాతుకున్నారు. ఆ తొట్లే వాళ్ళ అన్నం. పెకలించి ఇంకోచోటికి మోసుకుపోయే వస్తువులు కావవి. ఇల్లు పోతే తొట్లూ పోతాయి, బతుకు వీధిన పడుతుంది.

గడువు ఉగాదితో తీరిపోతుందనగా నాంచారమ్మ కొలువుకు వెళ్ళి ఇంటికి ధర కట్టమని మనవి చేసుకుంది. పక్కిల్లు కూడా బావితో, చెట్టుతో సహా ఇలాంటిదే. అది మొన్ననే నాలుగు వందల వరహాలకు అమ్ముడుపోయింది. ఆ లెక్కన నాలుగో వంతు వంద. ఆ వందా కూడబెట్టి ఉంచుకుంది కనుక ఆవిడ కాస్త ధీమాగానే ఉంది.

మహారాజు వచ్చాడు. పల్లకి వర్తకుల వీధిలో ఆగింది. తెర తొలగింది.

"వీధి చూడండి, ఎంత విశాలంగా ఉందో. మా ఏలుబడిలో ఊరు ఎంత పెరిగిపోయింది" అన్నాడు వెంట ఉన్నవాళ్ళతో.

ఆయన ఇల్లు చూడటంలేదని, తన ఏలుబడిని చూసుకుని మురిసిపోతున్నాడని నాంచారమ్మకు అర్థమైంది.

"లోపల బావి ఉందా?"

"ఉంది దొరా. మేమే తవ్వించుకున్నాం."

"తవ్వించింది మీరైనా నీళ్ళు పడ్డది మా రాజ్యంలో. దానికో రెండు వందలు కలపండి. ఆ కొబ్బరిచెట్టేమిటి, అలా ముందుకు వంగి ఉంది?"

"గాలివానకు వంగింది దొరా."

"గాలివానకు కాదు. మాకు నమస్కారం పెడుతోంది. సంస్కారం గల చెట్టు. ఈ ఇల్లు వెయ్యి వరహాలు."

"ఒక్కసారి లోపలికొచ్చి చూడండి దొరా. పక్కిల్లు నాలుగు వందలకే..."

"పక్కిల్లు కొన్నవాడికి మా కన్ను లేదు" అని మహారాజు తెర దించేశాడు.

తప్పెట మోగింది. వెయ్యి వరహాల ఇల్లంటే నాలుగో వంతు రెండు వందల యాభై. ఉగాదిలోగా అది కట్టకపోతే ఇల్లు వేలానికి వెళుతుంది. నాంచారమ్మ గుమ్మంలోనే చతికిలబడింది.

"ఈ ఇంటిని ఇంత బాగా చూసుకోవడమే మనం చేసిన తప్పు" అంది భర్తతో.

కోనయ్య మాటకారి కాడు. తొట్టిలో ముంచిన గుడ్డను అలా పట్టుకునే ఉండిపోయాడు. అది కావలసినదానికన్నా బాగా ముదురు రంగు తేలింది. ఆ గుడ్డ మాచన తలపాగా.

మాచన కొలువులో ఉండేవాడు. అతని ఉద్యోగమేమిటో ఎవరికీ సరిగ్గా తెలియదు. మహారాజుకు పొద్దుపోనప్పుడు పిలిస్తే వచ్చేవాడు, కోపమొచ్చినప్పుడు పిలవకుండానే తప్పుకునేవాడు. మర్నాడు తలపాగా కోసం అద్దకపు సందులోంచి పెరటి గుమ్మంలోకి వచ్చాడు. అతని ఇంటికి అది దగ్గర దారి.

"ఇదేమిటక్కా, లేత నీలం అడిగితే అమావాస్యను చుట్టి ఇస్తున్నావు" అన్నాడు.

నాంచారమ్మ ఏడ్చేసింది. ఏడుస్తూనే జరిగిందంతా చెప్పింది.

మాచన తలపాగా చుట్టుకుంటూ విన్నాడు. తర్వాత లేచి వీధి గుమ్మం దాకా నడిచాడు. అక్కణ్ణుంచి తిరిగి పెరటి గుమ్మం దాకా వచ్చి తల బయటపెట్టి చూశాడు. ఇల్లు వెడల్పు తక్కువే గానీ పొడుగెక్కువ. అటు గుమ్మం వర్తకుల వీధిలోకి, ఇటు గుమ్మం అద్దకపు సందులోకి.

"మహారాజు ఈ సందులోకి ఎప్పుడైనా వచ్చాడా అక్కా?"

"ఈ కంపులోకి తలారే రాడు, మహారాజెందుకొస్తాడు మాచనయ్యా?"

"వస్తాడు. రేపు పొద్దున నువ్వు పెరటి గుమ్మంలో నిలబడు. పనిచీర మార్చకు. అడిగినదానికి నిజం చెప్పు. అడగనిది చెప్పకు."

"నాతో అబద్ధమాడించవు కదా?"

"మనకంత శ్రమ ఎందుకు? ఆ పని ఆయన కన్ను చేసిపెడుతుంది."

మాచన కొలువులో ఏం చెప్పాడో ఆవిడకు తర్వాత తెలిసింది. పట్టపుటేనుగుకు కొత్త శాల కట్టించాలని మహారాజు చాలాకాలంగా అంటున్నాడు. మాచన వెళ్ళి, "అద్దకపు సందులో ఒక గుమ్మం చూశాను ప్రభూ. ఆ గుమ్మం ఉన్న ఇంటిని ఖజానా కొనాల్సి వస్తే ఎంతివ్వొచ్చో తమ కన్నే చెప్పాలి" అన్నాడట. కన్ను అనే మాట వినపడగానే మహారాజు పల్లకి తెమ్మన్నాడు.

మర్నాడు పొద్దున ఆ పల్లకి సందులో ఆగింది. మహారాజు ముక్కుకు అత్తరు గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. తప్పెటవాడు నాంచారమ్మను చూసి ఏదో అనబోయాడు. మాచన అతని కాలు తొక్కాడు.

"ఇదా ఇల్లు? గోడ పెచ్చులూడిపోయింది. ఈ వాసనేమిటి?"

"నీలిమందు దొరా" అంది నాంచారమ్మ.

"మా ఏనుగు ఒక్క పూట ఉండదిక్కడ. లోపల బావి ఉందా?"

"ఉంది దొరా."

"ఉంటే దోమలుంటాయి. దానికో యాభై తగ్గించండి. ఆ కొబ్బరిచెట్టేమిటి, మాకు వీపు చూపిస్తోంది?"

"గాలివానకు వంగింది దొరా."

"మర్యాద తెలియని చెట్టు. రేపో మాపో ఇంటిమీద పడుతుంది. కొట్టించే ఖర్చు మళ్ళీ మాకే."

మాచన చేతులు కట్టుకుని, "ఖజానా కొనాలంటే ఎంత ప్రభూ?" అన్నాడు.

"రెండు వందల వరహాలు. అదీ ఈవిడ మొహం చూసి ఇవ్వడమే."

ఆవిడ మొహం ఆయన చూడనే లేదు. తప్పెట మోగింది. నాంచారమ్మ గబగబా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండు రోజులుగా ఏడ్చిన మనిషికి ఇప్పుడు నవ్వు ఆగడంలేదు.

పల్లకి వెళ్ళిపోయాక మాచన ఆవిడకు సభలో ఏమనాలో చెప్పాడు. ఆ మధ్యాహ్నమే ఆవిడ సొమ్ము మూట పట్టుకుని అతని వెంట సభకు వెళ్ళింది.

"రెండు వందల యాభై తెచ్చావా?" అని అడిగాడు ఖజానా అధికారి.

"మా గుమ్మంలో ఇల్లు రెండు వందలని చాటింపు పడింది కదయ్యా. నాలుగో వంతు యాభయ్యే కదా" అంది నాంచారమ్మ.

సభ గుసగుసలాడింది. మహారాజు ముందుకు వంగాడు. "వర్తకుల వీధిలో ఇంటికి మేము వెయ్యి అన్నాం."

"అన్నారు ప్రభూ, వీధి గుమ్మంలో" అన్నాడు మాచన. "పెరటి గుమ్మంలో రెండు వందలన్నారు. ఇల్లు మాత్రం ఒకటే."

మహారాజు మొహం ఎర్రబడింది. "మమ్మల్ని మోసం చేశావు. వేరే ఇల్లని చెప్పావు."

"ఆ గుమ్మం ఉన్న ఇల్లన్నాను ప్రభూ, వేరే ఇల్లనలేదు. తమరు పల్లకి దిగి గుమ్మంలో అడుగుపెట్టి ఉంటే ఎదురుగా వీధి గుమ్మమే కనిపించేది."

"అయితే మొదట అన్న వెయ్యే ఖాయం."

"చిత్తం. వెయ్యి వరహాల ఇంట్లో నాలుగో పాలు ఏలినవారిది. మిగతా మూడు పాళ్ళూ నాంచారమ్మ ఖజానాకే అమ్మేస్తుంది. ఏడు వందల యాభై ఇప్పించండి. తాళంచెవి ఇప్పుడే ఇచ్చేస్తుంది."

ఖజానా అధికారికి పొలమారింది.

"ఆ కంపు సందులో ఇంటికి ఏడు వందల యాభయ్యా?" అన్నాడు మహారాజు.

"అలాగైతే రెండు వందలే ఖాయం చేయండి. యాభై పుచ్చుకుని ఇల్లు వదిలేయండి."

మహారాజు సభ వైపు చూశాడు. సభలో అందరూ నేల చూపులు చూస్తున్నారు. చివరికి ఆయనే, కాస్త తగ్గిన గొంతుతో, "మా కన్ను అంత తప్పిందా మాచనా?" అన్నాడు.

"తమ కన్నుకేం ప్రభూ, దివ్యంగా ఉంది. కాకపోతే సొమ్ము వచ్చే గుమ్మంలోంచి చూస్తే ఇల్లు ఒకలా కనిపిస్తుంది, సొమ్ము పోయే గుమ్మంలోంచి చూస్తే ఇంకోలా కనిపిస్తుంది. నా కన్నయినా అంతే. అది తెలిసే పెద్ద మహారాజు తన కన్ను పక్కన పెట్టి ఆ ముగ్గురు ముసలివాళ్ళను పంపేవారు."

మహారాజు మొదటిసారిగా నాంచారమ్మ వైపు సరిగ్గా చూశాడు. మోచేతుల దాకా నీలిరంగు పట్టిన మనిషి.

"నువ్వు చెప్పమ్మా. ఎంతైతే న్యాయం?"

యాభై అంటే యాభైతో పోతుందని ఆవిడకు తెలుసు. మిగిలిన యాభైతో ఏడాదికి సరిపడా నీలిమందు వస్తుందనీ తెలుసు. ఆ ఆశ పుట్టలేదంటే అబద్ధమవుతుంది. అయినా మూట మొత్తం విప్పి పరిచింది.

"యాభైకి తేల్చుకుంటే అది నా ఇల్లని నేను గట్టిగా అనుకోలేను దొరా. నాలుగు వందల ఇల్లది. ఆనాడు ఖజానా చెయ్యి వేయబట్టే మాకు గూడు దొరికింది. వంద తెచ్చాను. పుచ్చుకుని నా ఇల్లు నాకు వదిలేయండి" అంది.

మాచన చెప్పిన మాట కాదది. అతను కూడా తలెత్తి చూశాడు.

మహారాజు పొట్ట కదిలింది, భుజాలు కదిలాయి. "మొన్న నమస్కారం పెట్టిన చెట్టే ఇవాళ వీపు చూపించింది" అంటూ పకపకా నవ్వాడు. అనుమతి దొరికినట్టు సభంతా నవ్వింది. వంద వరహాలు పుచ్చుకుని రాజపాలు చెల్లయినట్టు అక్కడే పత్రం రాయించి ముద్ర వేయించాడు. ఆ ముగ్గురు పెద్దలను మళ్ళీ పిలిపించమన్నాడు. నాంచారమ్మ ఆ పత్రాన్ని కళ్ళకద్దుకుంది. ఆవిడకు ఆ పూట నడుస్తుంటే కాళ్ళు నేలమీద ఆనలేదు.

అంతటితో ఊరుకోక మహారాజు ఆ ఇల్లు చూస్తానని తనే బయలుదేరాడు. వీధి గుమ్మంలో దిగి, లోపలికొచ్చి, దూలాలు తట్టాడు, బావిలోకి తొంగిచూశాడు, కోనయ్య ఇచ్చిన మజ్జిగ తాగాడు. నీలితొట్టి మీదికి వంగి ఇదేమిటని అడిగేసరికి పట్టు ఉత్తరీయం సగందాకా అందులో పడింది. తీసి చూస్తే ఒక సగం బంగారు రంగు, ఒక సగం నీలం. చుట్టూ ఉన్నవాళ్ళు హడలిపోయారు.

మహారాజు దాన్ని ఎత్తి పట్టుకున్నాడు. "మాచనా, ఇప్పుడు దీని ధరెంత?"

"ఏలినవారు కొంటున్నారా, అమ్ముతున్నారా ప్రభూ?"

మహారాజు మళ్ళీ పెద్దగా నవ్వాడు. "రెండూ కాదు. నీకు బహుమతిగా ఇస్తున్నాం" అని తడి ఉత్తరీయాన్ని అతని భుజాన కప్పాడు.

"అయితే దీనికి వెల కట్టలేం ప్రభూ" అని మాచన వంగి నమస్కరించాడు.

రెండో సగం కూడా నీలం చేసిపెట్టమని అతను ఆ సాయంత్రమే దాన్ని నాంచారమ్మకు ఇచ్చాడు. ఆవిడ చక్కగా అద్ది, ఆరవేసి, మడత పెట్టి ఇచ్చింది. అద్దకం కూలి మాత్రం ఊళ్ళో అందరి దగ్గరా ఎంత తీసుకుంటుందో అంతే తీసుకుంది.