అడగకుండానే వెలిగిన దీపాలు

సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక కొండ మీది బౌద్ధ విహారంలో సుమనుడనే యువభిక్షువు ఉండేవాడు. కాషాయ చీవరం కట్టకముందు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ పని చేసినవాడు. కొండ ఎక్కలేని వాళ్ళ కోసం అతనొక వెబ్ పేజీ తయారు చేశాడు. సాయంత్రం ధ్యానం వేళ ఎవరు ఏ ఊళ్ళో ఆ పేజీ తెరిచి కూర్చున్నా, అందరి తెరల మీదా వాళ్ళ ఊరి పేరుతో ఒక దీపం వెలుగుతుంది. లేచి వెళ్తే ఆరిపోతుంది.

జనం పెరిగేసరికి పేజీ తడబడింది. ఒకరోజు పాడేరు నుంచి, మంచం పట్టిన ఒక టీచరమ్మ ఫోన్ చేసింది.

"నిన్న చాలాసేపు కూర్చున్నాను స్వామీ. ఒక్క దీపమూ కనబడలేదు. అందరూ మానేశారనుకుని నేనూ ఆపేశాను."

నిజానికి ఆ సాయంత్రం వందలమంది కూర్చున్నారు. సుమనుడికి భిక్ష సయించలేదు. గురువు ఉపసేన భంతే దగ్గరికి వెళ్ళాడు.

"నా పనిలో లోపం లేదు భంతే. ఎవరొచ్చారు, ఎవరెళ్ళారు అని ప్రతి తెరా క్షణక్షణం సర్వర్‌ని అడుగుతూనే ఉంటుంది. ఇంతకన్నా మెలకువగా ఎలా ఉండను? సర్వరే తట్టుకోలేకపోతోంది. ఇంకా పెద్దది కావాలి."

భంతే గడపలో మెట్ల వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. "నువ్వు గోడ వైపు కూర్చో. ఎవరైనా మెట్లెక్కి వస్తున్నారేమో నన్ను అడుగు. నీ తెరలు అడిగినట్టే అడగాలి."

"ఎవరైనా వచ్చారా భంతే?"

"లేదు."

"వచ్చారా?"

"లేదు."

అడిగినప్పుడల్లా భంతే శిష్యుడి వైపు తిరిగి, విసుక్కోకుండా జవాబిచ్చాడు. అడగడం ఆగలేదు, చెప్పడమూ ఆగలేదు.

"ఎంతసేపు నిలబడాలి బాబూ? గుక్కెడు నీళ్ళియ్యండి."

సుమనుడు ఉలిక్కిపడి చూశాడు. జీడిపిక్కల గంప నెత్తిన పెట్టుకుని ఒక ముసలమ్మ వాకిట్లో నిలబడి ఉంది. నీళ్ళు తాగి ఆమె వెళ్ళిపోయాక అడిగాడు.

"మీరు చూడలేదా భంతే?"

"నీకు జవాబు చెబుతున్నాను కదా."

సుమనుడు తల దించుకున్నాడు.

"మళ్ళీ కూర్చో. ఈసారి అడగకు" అని భంతే అతని చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

అలల హోరు తప్ప ఏమీ లేదు. అడగాలని సుమనుడి నోరు రెండుసార్లు తెరుచుకుని మూసుకుంది. అంతలో గురువు వేళ్ళు మెల్లగా నొక్కాయి. తిరిగి చూశాడు. కొండ కింద, ఎక్కడో, చీమంత మనిషి మొదటి మెట్టు మీద కాలు పెడుతున్నాడు.

సుమనుడు లేచి తన కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తాడు.

పేజీని మళ్ళీ మొదటినుంచి రాశాడు. ఇప్పుడు తెరలు అడగవు. ఒక్కసారి సర్వర్‌తో ముడిపడితే, పేజీ తెరిచి ఉన్నంతసేపూ ఆ ముడి విడిపోదు. ఎవరైనా వచ్చినా, వెళ్ళినా సర్వరే చెబుతుంది.

ఆ సాయంత్రం ఖాళీ తెర ముందు చూస్తూ కూర్చున్నాడు. ఒక దీపం వెలిగింది. పాడేరు. తర్వాత కదిరి. మస్కట్. ఆ తర్వాత తొలకరి చినుకుల్లా, ఒకటి మీద ఒకటి. ఎవరూ అడగడం లేదు. ఎవరూ పిలవడం లేదు. అతని కళ్ళు చెమర్చాయి.

"భంతే, చూడండి! ఎంతమంది వచ్చారో!"

ధ్యానంలో ఉన్న గురువు కళ్ళు తెరవలేదు.

"అందరూ వచ్చారు. నువ్వే ఇంకా రాలేదు."

సుమనుడు తెర ముందు నుంచి లేచి, వెళ్ళి కూర్చున్నాడు.