జానెడు బెరడు

ముజీకి ఒకటే బాధ. నాలుగేళ్లుగా గోగో దగ్గర వైద్యం నేర్చుకుంటున్నాడు. ఇంతవరకూ ఒక్క రోగినైనా ఆమె అతని చేతికి వదల్లేదు.

దక్షిణాఫ్రికాలోని ఆ జులూ కొండల్లో గోగో అంటే నాయనమ్మ. ఆమె వైద్యురాలు కాబట్టి పళ్లూడిన ముసలాళ్లు కూడా ఆమెను గోగో అనే పిలుస్తారు. దగ్గుకి ఆమె ఇచ్చే మందు ఒక చెట్టు బెరడు. నాలిక మీద పెడితే మిరియంలా మండుతుంది. ఆ చెట్లు ఒకప్పుడు వాగు పొడుగునా ఉండేవి. ఇప్పుడు ఒక్కటి కనబడాలంటే రెండు కొండలు దాటాలి.

అంత దూరం పోయి గోగో చేసేదేమిటి? పొద్దుపొడుపు వైపు అరచేయంత ముక్క, పొద్దుగుంకే వైపు ఇంకో ముక్క తీస్తుంది. గాయాలకి పేడా మట్టీ కలిపి మెత్తుతుంది. చెట్టుతో కాసేపు మాట్లాడుతుంది. ఇంటికొస్తుంది. ఈలోగా వాకిట్లో ఇరవైమంది దగ్గుతూ కూర్చుని ఉంటారు.

ఒకరోజు ముజీ తనే వెళ్లాడు. మధ్యాహ్నానికల్లా గోనె నింపుకొచ్చి ఆమె ముందు దించాడు. ఈ చలికాలానికి ఇక దిగుల్లేదన్నాడు. ఎలా తీశావని అడిగితే, కత్తి ఎలా దించిందీ, బెరడు మేకతోలులా ఎలా ఊడొచ్చిందీ చేతులు తిప్పి మరీ చెప్పాడు.

“చుట్టూరా తీశావా?”

“చుట్టూరానే గోగో. ఒక పక్క జానెడు మిగిలింది. అక్కడ కందిరీగలున్నాయి.”

గోగో తిట్టలేదు. రెండుసార్లు దగ్గింది. గోనెలోంచి గుప్పెడు బెరడు తీసి, మరగబెట్టి, చల్లార్చుకుని, సొరబుర్ర నిండా పోసుకుని చివరి చుక్కదాకా తాగింది. మూతి తుడుచుకుంది.

“చెట్టు చస్తే ఆ మందు తాగినవాళ్లూ చస్తారని నీకు చెప్పాను కదా?”

చెప్పింది. మొదటి ఏడే చెప్పింది. నిదానస్తులు పెట్టుకున్న సాకు అది, అనుకున్నాడు ముజీ.

“ఇక నా ప్రాణం ఆ కందిరీగల దగ్గరుంది నాయనా,” అంది గోగో. “ఒకసారి చూసిరా.”

సాకు అనుకున్నవాడు నడవాలి కదా. ముజీ పరిగెత్తాడు. పేడతట్ట నెత్తిన పెట్టుకుని పరిగెత్తాడు. మాను చుట్టూ మెత్తి, పైన గోనెపట్టా కట్టాడు. కట్టేటప్పుడు మూడు కందిరీగలు కుట్టాయి. నాలుగోదానికి దణ్ణం పెట్టాడు.

మర్నాటి నుంచీ అదే పని. చలికాలంలో అక్కడ చినుకు పడదు. రెండు డబ్బాలతో నీళ్లు మోసుకుని రోజూ రెండు కొండలెక్కేవాడు. మేకల్ని అదిలించేవాడు. కందిరీగల్ని మాత్రం తోలలేదు. అవి ఉంటే అతనికి ధైర్యంగా ఉండేది.

సాయంత్రం వచ్చి చెట్టు ఎలా ఉందో చెప్పేవాడు. రెండాకులు పండాయంటే చాలు, గోగో చాప మీద వాలిపోయేది. జావ దిగడం లేదనేది. కాస్త మేకమాంసమైతే దిగుతుందేమో చూద్దామనేది. దిగేది.

ఒకనాడు పట్నం సంతలో బెరడు అమ్ముకునేవాళ్లు ఇద్దరు కత్తులతో వచ్చారు. ముజీ చెట్టుకి అడ్డంగా నిలబడ్డాడు.

“ముట్టుకోకండి. ఇందులో మా గోగో ఉంది.”

వాళ్లు చెట్టుని చూశారు. దాని నడుముకున్న గోనెకట్టు చూశారు. కందిరీగలు కుట్టి వాచిన ముజీ మొహం చూశారు. కత్తులు సంచుల్లో పెట్టేసుకున్నారు. పోతూపోతూ, ఒంట్లో ఎలా ఉంది గోగో అని చెట్టుని పలకరించి మరీ పోయారు. ఆ తర్వాత ఆ కొండ మీద కత్తి పట్టుకుని తిరిగినవాళ్లు లేరు.

వానలు పడ్డాయి. మొక్కజొన్న కంకులు పాలు పట్టే రోజులకి, మిగిలిన జానెడు బెరడుకి రెండంచులా కొత్త బెరడు వేలెడు మేర ఉబ్బి వచ్చింది. కొమ్మల చివర్ల చిగుళ్లు. ముజీ డబ్బాలు అక్కడే వదిలేసి రెండు కొండలూ ఒక్క ఊపులో దిగొచ్చాడు. గోగో వాకిట్లో కాళ్లు చాపుకుని కాల్చిన కండె తింటోంది.

“గోగో, మీరు బతికిపోయారు.”

ఆమె ఆ వరస గింజలు పూర్తిచేసింది.

“ఆర్నెల్లు నాకు వైద్యం చేశావు. ఒక్కసారైనా నా వీపుకి చెవి ఆనించి దగ్గు విన్నావా?”

ముజీ ఆలోచించాడు. వినలేదు. నాలిక చూడలేదు. నుదుటి మీద చెయ్యి పెట్టలేదు. ఆర్నెల్లూ తను చూసింది చెట్టుని.

అంతలో ఎవరో పొరుగూరి మనిషి దగ్గుకుంటూ వచ్చి, వైద్యం చేసేది మీరేనా అని గోగోని అడిగాడు.

గోగో చేతిలోని కండెతో ముజీని చూపించింది.

“ఆయన్ని అడుగు. నన్ను బతికించింది ఆయనే.”