గడ్డాలు గీసే బావాబావమరుదులు

ఇలా రావే, కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ఊఁ కొడితేనే చెప్తాను, తెలిసిందా?

అనగా అనగా, ఏటి పక్కన ఒక ఊళ్ళో ఇద్దరు మంగళ్ళుండేవారు. పెద్దాయన ధనకోటి, చిన్నాయన పైడయ్య. పైడయ్య చెల్లెలు చిట్టెమ్మనే ధనకోటి చేసుకున్నాడు. ఊరు మొత్తానికి గడ్డాలు గీసేది ఈ బావాబావమరుదులే.

రోజూ తెల్లారగానే, ఊరివాళ్ళకంటే ముందు, ఒకరికొకరు చేసుకునేవారు. చిట్టెమ్మ చెంబుతో వేణ్ణీళ్ళు తెచ్చేది. అప్పుడు పైడయ్య బావ గడ్డం తడిపి, సబ్బు నురగ చెవుల దాకా పట్టించేవాడు. ఆ తర్వాత కత్తి నూరి మెల్లగా గీసేవాడు. చివర్న పటిక రాసి చన్నీళ్ళు చల్లితే, ధనకోటి "హమ్మయ్య, ప్రాణం లేచొచ్చిందిరా!" అనేవాడు. ఆ తర్వాత పైడయ్య పీట మీద కూర్చునేవాడు. రోజంతా ఊరికి చేసేవాళ్ళకి, తాము చేయించుకునే సుఖం అదొక్కటే మరి.

ఒకరోజు ధనకోటి గడ్డం కింద కత్తి తగిలి నెత్తురొచ్చింది. అరుగు మీద అప్పటికే నలుగురున్నారు. ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. "నీ చెయ్యి వణుకుతోందిరా పైడీ, ఇంక కత్తి దించెయ్" అన్నాడు.

నలుగురిలో అంత మాటంటారటే, చేతిపని మీద బతికేవాణ్ణి? పైడయ్య తన కత్తుల పొది సర్దుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు చిట్టెమ్మ వెళ్ళింది. "ఆయన నోరే అంత అన్నయ్యా, మనసులో ఏం లేదు" అంది. "అయితే ఆయన్నే వచ్చి చెప్పమను" అన్నాడు పైడయ్య.

ఆ తర్వాత సంతలో ఇద్దరూ ఎదురుపడ్డారు. ఇద్దరికీ గడ్డాలు మాసిపోయి ఉన్నాయి. ధనకోటి నోరు తెరవబోయాడు. అప్పుడే ఎవరో నవ్వారు. మొహం తిప్పుకుని పోయాడు.

ఆ తర్వాత ఒక తెల్లవారుజామున ధనకోటి తనే నీళ్ళు కాచి, పీట వేసి కూర్చున్నాడు. పైడయ్య వీధి మలుపు దాకా వచ్చాడు. పిలిస్తే వెళ్దామని ఈయన, వస్తే పలకరిద్దామని ఆయన! నీళ్ళు చల్లారిపోయాయి. పైడయ్య వెనక్కి తిరిగాడు. మగాళ్ళ రోషాలు మండిపోనూ!

అప్పుడు ధనకోటికి జ్వరం తగిలింది. "జ్వరమేగా, తగ్గాక వెళ్ళొచ్చులే" అనుకున్నాడు పైడయ్య. తగ్గలేదు. నాలుగో రోజు ధనకోటి పోయాడు.

చిట్టెమ్మ ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది. "ఆయన్ని గడ్డంతో సాగనంపకు అన్నయ్యా" అంది.

పైడయ్య వెళ్ళాడు. గడ్డం తడిపాడు, నురగ పట్టించాడు, కత్తి పెట్టాడు. అలవాటుకొద్దీ "బుగ్గ పూరించు బావా" అన్నాడు.

కాసేపు ఆగాడు కూడా, పిచ్చివాడు.

ఆ తర్వాత తన వేలితోనే ఆ బుగ్గ సాగదీసి పట్టుకుని గీశాడు. కళ్ళనీళ్ళు నురగలో పడుతూనే ఉన్నాయి. క్షమించు బావా అని ఎన్నిసార్లన్నాడో! వినేవాడేడీ?

పదోరోజున దాయాదులందరికీ పైడయ్యే క్షవరాలు చేశాడు. అందరూ ఏట్లో మునిగి ఇళ్ళకి వెళ్ళిపోయారు. పైడయ్య పీట మీద తనే కూర్చున్నాడు. నురగ తనే పట్టించుకున్నాడు. అది ఆరిపోయి రాలిపోయేదాకా అలాగే కూర్చున్నాడు.

తనే గీసుకోవచ్చుగా, పక్క ఊళ్ళో చేయించుకోవచ్చుగా అంటావా? నేనూ మా అమ్మమ్మని అదే అడిగాను. గీసుకోనూ లేదు, చేయించుకోనూ లేదటే తల్లీ. బతికినన్నాళ్ళూ గడ్డంతోనే బతికాడట.

కత్తి చేరె పెట్టెకి,
కథ చేరె కంచికి,
నువ్వు చేరు నా ఒంటికి,
నిద్ర చేరు నీ కంటికి.